కొంచెము కొంచెముగా పలుమాఱు తినినచో బరువు తగ్గునా?

"ఒకపూట తిన్నవాడు యోగి, రెండుపూటలు తిన్నవాడు భోగి, మూడుపూటలు తిన్నవాడు రోగి" యని మన పెద్దల సామెత. నేడు దీనికి సరిగా ఎదురుమాట యొకటి ఇంటింటను వినవచ్చుచున్నది. లావు తగ్గవలెనన్న, దినమునకు మూడుసార్లు కడుపునిండ తినుట మాని, కొంచెము కొంచెముగా ఆఱుసార్లు తినవలెనట! అట్లు తినినచో జఠరాగ్ని చల్లాఱక వెలుగుచుండుననియు, ఆకలి బాధింపదనియు, క్రొవ్వు తనంతట కరగిపోవుననియు చెప్పుచున్నారు. ఈ రెండు మాటలలో నేది నిజము? వంటయు వడ్డనయు చాల యిండ్లలో స్త్రీల చేతిలోనే యుండుటచే, ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుట మనకు మిక్కిలి యవసరము.

ఇది పట్టణములలోని సంపన్నగృహములకే చెందిన ప్రశ్న యని సోదరీమణులు తలంపరాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమును బట్టి, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసిన దానికంటె అధికమైన బరువు గలవారు. అదే రాష్ట్రమున, అదే వయసువారిలో, నూటికి సుమారు 15 మంది ఉండవలసినంత బరువైనను లేక కృశించియున్నారు. ఒకే వీధిలో ఒకామె లావునకును, వేఱొకామె నీరసమునకును చింతించుచుండగా, ఇద్దఱికిని ఒకే సలహా చెప్పుట యెంత ప్రమాదమో యోచింపుడు.

ఉద్దానపు తిండివేళలు

పలాసనుండి ఇచ్ఛాపురము వైపు పోవు రైలుమార్గమున, మందసారోడ్డునకు ముందు, సుమ్మాదేవి యను చిన్న స్టేషను కలదు. ఆ ప్రాంతమునుండి సముద్రతీరము వఱకు గల నేలలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు దట్టముగా పెరుగును. ఉద్యానమను మాటనుండియే ఈ సీమకు ఉద్దానమను పేరు వచ్చినదని చెప్పుదురు. మన ప్రశ్నను పరీక్షించుటకు ఇంతకంటె తగిన చోటు లేదు. ఏలయన, పూర్వపు తిండిక్రమమును, నేటి చిఱుతిండ్ల వాడుకయు ఇచట ప్రక్కప్రక్కనే కానవచ్చును.

పూర్వము పొలము పనికి పోవు కుటుంబములలో తెల్లవాఱగానే చోడి అంబలియో, గంజితో చద్దియన్నమో పుచ్చుకొనెడివారు. మిట్టమధ్యాహ్నము అన్నము, రాత్రి మరల అన్నము. నడుమ నేదైన తినిన, అది కాలమునుబట్టి దొరకిన పండో, కొబ్బరిముక్కయో. లెక్కకు మూడు నాలుగు సార్లు తినుచుండినను వారిలో లావైనవారు అరుదు. దానికి కారణము ఆ వేళల సంఖ్యయందు లేదు. పగలెల్ల నడుము వంచి చేసిన శ్రమ, నూనెయు చక్కెరయు మితముగా గల ఆహారము, ఇవియే కారణములు. అంబలి తాగిన శక్తి మధ్యాహ్నమునకే వ్యయమైపోయెడిది.

నేడు అంబలి స్థానమున చక్కెర వేసిన తేనీరు వచ్చినది. దానితో బిస్కత్తులు. పదిగంటలకు మరల తేనీరు. సాయంకాలము పకోడీలో, బజ్జీలో. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలను కొట్టి, పొర తీసి, పప్పును ఏఱు పనిలో వేలకొలది స్త్రీలు జీవించుచున్నారు. గంటలకొలది కూర్చుండి చేయు ఈ పనిలో చేతులకు శ్రమయే గాని దేహమంతటికిని నడక లేదు. ఇట్టి దినమునందు మధ్యాహ్నపు టన్నమును, రాత్రి యన్నమును మునుపటి కొలతతోనే యుండి, నడుమ చిఱుతిండి చేరినయెడల, అది "కొంచెము కొంచెముగా పలుమాఱు" తినుట కానేరదు. ఉన్నదానికి మఱికొంత చేర్చుట యగును.

జఠరాగ్ని కథ

పలుమాఱు తినినచో దేహములోని అగ్ని రగులుచుండునను మాటకు మూలము లేకపోలేదు. ఆహారమును జీర్ణము చేసికొనుటకు దేహము కొంత శక్తిని వ్యయపఱచును. మనము సామాన్యముగా తిను మిశ్రమాహారమున ఇది సుమారు పదవవంతు. ఆఱుసార్లు తినినచో ఆఱుసార్లు ఈ వ్యయము కలుగును గదా యని వాదము. వినుటకు సొంపుగానే యున్నది. కాని యిది చాకలిపద్దునకు వేయు లెక్కవంటిదే. ఎవరైనను చేసి చూడవచ్చును.

ఒకామె దినమునకు 1,500 క్యాలరీల ఆహారము తినుచున్నదనుకొందము. మూడు పూటలుగా తినిన పూటకు 500. అందు పదవవంతు 50. మూడు పూటలకు 150. అదే 1,500ను ఆఱుసార్లుగా పంచిన, సారికి 250. పదవవంతు 25. ఆఱింటికి కలిపి 150. ఎటు లెక్కించినను ఒకటే! రొట్టెను మూడు ముక్కలు చేసినను ఆఱు ముక్కలు చేసినను రొట్టె పెరుగదు, తఱుగదు.

పరిశోధకులు కనుగొన్నదేమి?

ఈ వాదమునకు శాస్త్రజ్ఞులలో బలము కలిగించినది 1964లో ప్రాగునగరమునుండి వెలువడిన యొక పరిశీలనము. వయసు మీఱిన పురుషులను పరీక్షింపగా, దినమునకు మూడుసార్లో అంతకు తక్కువయో తినువారిలో స్థూలకాయులు ఎక్కువగాను, అయిదుసార్లును అంతకు మించియు తినువారిలో తక్కువగాను కనబడిరి. కాని యిట్టి పరిశీలనములో నొక చిక్కు కలదు. తక్కువసార్లు తినుటచే లావైరా, లావైనందున భయపడి పూటలు తగ్గించుకొనిరా యనునది దీనివలన తేలదు. మఱియు, లావుగానున్నవారు తాము తినిన చిఱుతిండ్లను చెప్పుటకు మఱచుటయు, సంకోచించుటయు కలదు.

1989లో కెనడాలోని టొరంటోలో మఱొక ప్రయోగము జరిగినది. ఏడుగురు పురుషులకు ఒకే ఆహారమును ఒకమాఱు మూడు భోజనములుగాను, మఱొకమాఱు దినమునకు 17 చిన్న పాళ్ళుగాను పెట్టిరి. చిన్న పాళ్ళుగా తినినపుడు నెత్తురులోని కొలెస్టెరాలును ఇన్సులినును తగ్గినవి. ఈ ఫలితము నిజమే. అయినను అది బరువు తగ్గుటను గూర్చిన ప్రయోగము కాదు. ఈ భేదమును మఱచి, "పలుమాఱు తినుట శాస్త్రసమ్మతము" అను మాటను మాత్రము లోకము పట్టుకొన్నది.

బరువును గూర్చియే చేసిన ప్రయోగములు వేఱు విధముగా చెప్పుచున్నవి. 2010లో కెనడాలోనే ఒట్టావాలో 16 మంది స్థూలకాయులకు ఒకే కొలతగల తక్కువ ఆహారమును, కొందఱికి మూడు భోజనములుగాను, కొందఱికి మూడు భోజనములు మూడు చిఱుతిండ్లుగాను 8 వారములు పెట్టిరి. ఇరుతెఱగులవారును తమ బరువులో నూటికి సుమారు 5 వంతులు తగ్గిరి. భేదమేమియు కానరాలేదు. 2013లో అమెరికాలోని కొలరాడోలో జరిగిన ప్రయోగమున, ఆఱుసార్లు తినువారికి క్రొవ్వు అధికముగా ఖర్చు కాలేదు. పైగా వారికి ఆకలియు, తినవలెనను కోరికయు హెచ్చినవి.

మఱియొక వింత చూడుడు. ఈ వాదమునకు బలమిచ్చిన ప్రాగునగరముననే 2014లో మధుమేహముగల 54 మందిపై నొక ప్రయోగము ప్రకటింపబడినది. ప్రతివారును 12 వారములు దినమునకు ఆఱు చిన్న భోజనములును, 12 వారములు ఉదయము, మధ్యాహ్నము రెండే భోజనములును చేసిరి. రెండిటను ఆహారపు కొలత యొక్కటే. ఆఱుసార్లు తినినపుడు సగటున 2.3 కిలోలును, రెండుసార్లు తినినపుడు 3.7 కిలోలును తగ్గిరి. ఇది కొద్దిమందిపై, వైద్యుల పర్యవేక్షణలో జరిగినదగుటచే, మధుమేహము గలవారందఱును రాత్రిభోజనము మానవలెనని దీనిని బట్టి చెప్పరాదు. ఇన్సులినుగాని, కొన్నివిధములైన మాత్రలుగాని వాడువారు పూట తప్పినచో నెత్తురులో చక్కెర పడిపోయి అపాయము కలుగును. కాని ఆఱుసార్లు తినుటయందు ప్రత్యేకమైన మహిమ యేదియు లేదని మాత్రము ఇది స్పష్టపఱచుచున్నది.

మన ఆయుర్వేదము ఈ విషయమున వెనుకబడి లేదు. మునుపు తినినది జీర్ణము కాకముందే మరల తినుటను అధ్యశనమని పేర్కొని, దానిని దోషములలో చేర్చినది. చరకసంహితలో సూత్రస్థానపు అయిదవ అధ్యాయమునకు మాత్రాశితీయమని పేరు. అనగా మితమైన కొలతతో తినుటను గూర్చినది. ప్రాచీనులును, నవీనులును కొలతయొద్దనే కలిసికొనుచున్నారు.

చిన్నదని మోసపోవలదు

చిఱుతిండి చూపునకు చిన్నది. శక్తిలో చిన్నది కాకపోవచ్చును. పలాసవారికి పరిచయమైన జీడిపప్పునే తీసికొందము. చిన్న గుప్పెడు, అనగా 30 గ్రాముల పప్పులో సుమారు 170 క్యాలరీలు గలవు. ఇది 130 గ్రాముల వండిన అన్నమునకు సమానము. అన్నము రెండు గరిటెలు తగ్గించుకొని, "పప్పులే గదా" యని పని నడుమ రెండు గుప్పిళ్ళు నోట వేసికొనినచో తగ్గించినదేమి? జీడిపప్పు చెడ్డ ఆహారమని నా యభిప్రాయము కాదు. అందు మాంసకృత్తులును, మేలైన క్రొవ్వును కలవు. బెల్లపు పాకముతో చేసిన జీడిపప్పు అచ్చులలో పప్పుతోపాటు చక్కెరశక్తియు చేరునని మాత్రము మఱవరాదు. పచ్చికొబ్బరి 30 గ్రాములకు నూఱు క్యాలరీలకు పైగా నుండును. పెద్దచెంచాడు నూనెలో సుమారు 120. రెండు చెంచాల చక్కెరయు, పాలును గల తేనీరు చిన్నగ్లాసునకు సుమారు 70.

దినమునకు రెండు తేనీళ్ళు అదనముగా చేరిన 140 క్యాలరీలు. నెలకు 4,200. కిలో క్రొవ్వునకు 7,700 క్యాలరీలని వైద్యుల లెక్క. దేహము తన్నుతాను కొంత సర్దుకొనును గావున ఈ లెక్క ప్రకారము నెలనెలయు అరకిలో పెరుగకపోవచ్చును. అయినను సంవత్సరములు గడచుకొలది నడుము చుట్టుకొలతలో దాని జాడ కనబడకపోదు.

గృహిణి తిండికి వేళ యేది?

ఇక మన యిండ్లలోని అసలు విషయమునకు వత్తము. చాల యిండ్లలో గృహిణి ఉదయము తేనీటితో సరిపుచ్చును. పిల్లలను బడికి పంపి, మగవారిని పనికి పంపి, వంట చూచుకొని, రెండు గంటలకో మూడు గంటలకో అన్నము తినును. ఈ నడుమ ఉప్పు చూచుటకు కూర, పులుపు చూచుటకు చారు, పిల్లవాడు విడిచిన దోసెముక్క, పాఱవేయ మనసొప్పని అడుగుటన్నము నోటిలో పడుచుండును. వీనిని ఆమె తిండిగా లెక్కింపదు. రాత్రి అందఱును తినిన పిమ్మట, పది గంటలకు, అలసటతోను ఆకలితోను మిగిలినదంతయు తినును, తినగానే పండుకొనును. "నేను తినునది రెండుపూటలే, ఐనను లావగుచున్నాను" అని అట్టి తల్లి వాపోవుట విన్నవారికి వింతగా తోచును. ఆమె అబద్ధమాడుట లేదు. వేళ తప్పిన తిండికి లెక్కయు తప్పును.

ఇట్టివారికి, ఆఱుసార్లు తినుమనుటకంటె, నియమిత వేళలలో కూర్చుండి తినుమనుట మేలు. ఉదయము ఎనిమిది గంటలలోపల ఉప్పును మజ్జిగయు కలిపిన చోడి అంబలి, దానితో ఉడికించిన పెసలో సెనగలో. మధ్యాహ్నము ఒంటిగంటకు పప్పు, కూర, ఆకుకూర, మజ్జిగలతో అన్నము. సాయంకాలము ఆకలియైనచో ఒక పండు. రాత్రి ఎనిమిది గంటలలోపల మధ్యాహ్నము కంటె తక్కువ యన్నము, కూర యెక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, పళ్ళెమున ఇంచుమించు సగము కూరలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు ఉండవలెననియు, దినమునకు కావలసిన శక్తిలో నూటికి 45 వంతులకు మించి ధాన్యములనుండి రాకూడదనియు చెప్పినది. మన పళ్ళెములో అన్నమే కొండవలె నుండి కూర దాని ప్రక్కన చుక్కవలె నుండుట ఎల్లరకు తెలిసినదే. పనసకాలమున పనసకాయ కూరయు, ములగకాడలును, తోటకూరయు ఈ కొఱతను సులభముగా తీర్చును, నూనె మితముగా వాడినచో.

కొందఱికి కొంచెము కొంచెముగా పలుమాఱు తినుట నిజముగా అవసరము. వేవిళ్ళతో బాధపడు గర్భిణులు, చిన్న కడుపుగల పసిపిల్లలు, జ్వరమునుండి కోలుకొనుచున్నవారు, ఆకలి మందగించిన వృద్ధులు, కడుపునకు శస్త్రచికిత్స జరిగినవారు ఇందు చేరుదురు. కృశించియున్న కూలితల్లికిని ఇది మేలే. ఆమె పని నడుమ ఒక గ్లాసు అంబలియు, గుప్పెడు వేరుసెనగలును అదనముగా పుచ్చుకొనవలెను. మూడు పూటలు తినినచో ఆకలికి తాళలేక రాత్రి మితిమీఱి తినువారు, అవే పాళ్ళను నాలుగుగా పంచుకొనవచ్చును. అపుడు ప్రతిపూట కొలతయు తగ్గవలెనను నియమము మాత్రము తప్పరాదు.

ఉద్దానపు సోదరీమణులకు ప్రత్యేకముగా

ఈ సీమలో మూత్రపిండముల వ్యాధి 1990ల నుండి వైద్యుల దృష్టికి వచ్చియున్నది. మధుమేహముగాని, రక్తపుపోటుగాని లేనివారికి సైతము ఇది వచ్చుచున్నది. దీని కారణము ఇదమిత్థమని నేటికిని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండ వైద్యశాలయు పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. ఇచటివారు బరువును గూర్చి మూడు విషయములు గుర్తుంచుకొనవలెను.

మొదటిది, బరువు పెరుగుట యెల్లప్పుడును క్రొవ్వు కాదు. పాదములు, కనుల క్రింద వాపుతో కొద్దిదినములలోనే బరువు హెచ్చినచో అది దేహమున నిలిచిన నీరు కావచ్చును. అపుడు తిండి తగ్గించుట చికిత్స కాదు; వైద్యుని చూడవలెను. రెండవది, ప్రయత్నము లేకయే బరువు తగ్గుచు, అన్నము సహింపకున్న సంతోషింపరాదు. ఈ వ్యాధి తొలిదశలో లక్షణములు చూపకయే పెరుగును గావున, నెత్తురులోని క్రియాటినైనును, మూత్రమును పరీక్ష చేయించుకొనుట వివేకము. మూడవది, లావు తగ్గించునని అంగడిలో నమ్ము మాంసకృత్తుల పొడులను, పేరు తెలియని మందులను వైద్యుని అడుగక వాడరాదు. వ్యాధి ముదిరినవారికి కొబ్బరినీరు, జీడిపప్పు వంటి సాధారణమైన పదార్థములు సైతము వాని యందలి పొటాసియము చేత హాని చేయవచ్చును. ఎన్నిసార్లు, ఏమి తినవలెనో వారికి వైద్యుడే నిర్ణయింపవలెను.

ఇంట చేసి చూడదగిన పరీక్ష

ఆరోగ్యవంతులైన సోదరీమణులు తమ బరువు తగినదో కాదో యింటియొద్దనే చూచుకొనవచ్చును. మీటర్లలో ఎత్తును అదే సంఖ్యచే గుణించి, దానిని మరల 23 చేత గుణింపుడు. ఒకటిన్నర మీటరు ఎత్తుగల స్త్రీకి 52 కిలోలు వచ్చును. భారతీయులకు ఇది దాటిన బరువు అధికమనియు, 25 చేత గుణింపగా వచ్చు 56 కిలోలు దాటినచో స్థూలకాయమనియు వైద్యులు లెక్కించుచున్నారు. స్త్రీల నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు మించకుండుట మంచిది.

బరువు అధికమైనచో నాలుగు వారములు ఈ విధముగా చేయుడు. ఒక పుస్తకమున నోట వేసికొనినదెల్ల, ఉప్పు చూచిన కూరతో సహా, వేళతో వ్రాయుడు. వారమున కొకసారి, ఉదయముననే, ఒకే త్రాసుపై తూగుడు. దినమునకు అరగంటకు తక్కువ కాకుండ వడిగా నడువుడు. తేనీటిలో చక్కెరను సగము చేయుడు. వారమునకు అరకిలో తగ్గిన చాలును. అంతకంటె వేగము కోరరాదు. బాలింతలును, గర్భిణులును ఈ ప్రయత్నము చేయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇంటిల్లిపాదికిని చెప్పవలసియున్నది. గృహిణి వేళకు తినవలెనన్న, ఆమెను వేళకు కూర్చుండనిచ్చు ఇల్లుండవలెను. అత్తగారైనను, భర్తయైనను, ఎదిగిన పిల్లలైనను రాత్రి ఎనిమిది గంటలకు వంటకములన్నియు నడుమ నుంచి, ఆమెకును పళ్ళెము వేసి, అందఱు కలిసి వడ్డించుకొని తినినచో, అడుగుటన్నము ఆమె పాలబడదు, పదిగంటల భోజనము తప్పును. దీనికి మందు లేదు, వెల లేదు. ఈ రాత్రియే ప్రారంభింపవచ్చును.